షెడ్డు అద్దెలో లేదయ్యా

రోహిణి కార్తె. మిర్చి యార్డుకి వేసవి సెలవులు కాబట్టి ఆ సాయంత్రం నేను ఇంటి పట్టునే ఉన్నాను. ఐదు గంటలప్పుడు పడమటి ఆకాశం ఇటుకరంగుకి తిరిగింది. దుమ్ము లేచింది, కరెంటు పోయింది. దండెం మీది బట్టలు తెద్దామని మా ఆవిడ దొడ్డి తలుపు తీయబోతే గాలి ఆమెని తలుపుతో సహా వెనక్కి నెట్టింది. ఆ వెంటనే వినపడిన చప్పుడు ఉరుమనుకున్నాం. ఉరుము ఒక్కసారి ఉరిమి ఊరుకుంటుంది. ఇది దడదడలాడి, ఒక క్షణం ఆగి, పక్కింటి దొడ్లో పెళ్ళున పగిలింది.

షెడ్డు రేకులు. పది రేకుల్లో నాలుగు లేచిపోయాయి, ఒకటి ఉన్నచోటే అడ్డంగా చిట్లింది. పోయిన నాలుగింటిలో ఒకటి గోడ దాటి పక్కింటివాళ్ళ స్కూటర్ మీద పడింది. ఇంకొకటి మా ఆవిడ జిగ్‌జాగ్ కుట్టు మిషను మీద ముక్కలైంది.

మేం ఉండేది గుంటూరు స్తంభాలగరువులో. రెండు గదులు, హాలు, వంటిల్లు ఉన్న డాబా ఇల్లు. వెనక దొడ్డి, ఓ వేపచెట్టు. దొడ్లో ఓ మూల బయటి బాత్రూము, దాన్నానుకుని ప్రహరీగోడ దాకా సిమెంటు రేకుల షెడ్డు. నాలుగేళ్ళ క్రితం ఈ ఇంట్లో దిగేటప్పుడు నేను వంటింట్లో కుళాయిలు తిప్పి చూస్తుంటే, మా ఆవిడ షెడ్డు ముందు నిలబడి మనసులోనే మిషన్లు సర్దుకుంటోంది. పాత ఇంట్లో హాల్లోనే కుట్టేది. అన్నంలో దారప్పోగులు వచ్చేవి.

ఇంటాయన రిటైరైన మాస్టారు, హైదరాబాదులో కొడుకు దగ్గర ఉంటున్నారు. ఇల్లు చూపించిన రోజున "షెడ్డు ఖాళీగానే ఉందిగా, వాడుకోండమ్మా" అన్నారు. ఆయన మర్యాదకి అన్నారని మేం సంతోషించాం. ఆ ఒక్క ముక్క మీదే తర్వాత ఇంత పంచాయితీ నడుస్తుందని అప్పుడెవరికి తెలుసు?

స్కూటర్ సంగతి ఆ రాత్రే తేల్చేశాను. హెడ్‌లైటు, ముందు మడ్‌గార్డు. బాగుచేయించి పద్నాలుగు వందలిచ్చాను. ఇది ఎవరి బాధ్యత, మాదా, మాస్టారిదా, వాయుదేవుడిదా అని అడిగే పనే పెట్టుకోలేదు. తెల్లారితే మొహాలు చూసుకోవాల్సినవాళ్ళం.

మర్నాడు పొద్దున్నే మాస్టారికి ఫోన్ చేశాను. ఫొటోలు ముందే వాట్సాప్‌లో పంపాను.

"అయ్యో, మీకెవరికీ ఏం కాలేదుగా?" అని అడిగారు. ఆ మాట ముందు అడిగినందుకు ఇప్పటికీ ఆయనంటే గౌరవమే.

"లేదు మాస్టారూ. రేకులు వేయించాలి. వానలు కూడా దగ్గరికొచ్చాయి."

"బాత్రూము మీద పోయిందా?"

"బాత్రూము మీద ఒకటి, షెడ్డు మీద మూడు. చిట్లింది కూడా షెడ్డుదే."

"బాత్రూముది నేను వేయిస్తా. షెడ్డు మాత్రం నీ ఇష్టం."

"అదేంటి మాస్టారూ?"

"షెడ్డు అద్దెలో లేదయ్యా. ఇల్లు అద్దెకిచ్చాను. షెడ్డు వాడుకోమన్నాను. రెంటికీ తేడా లేదూ?"

ఫోన్ పెట్టేశాక వెళ్ళి చూశాను. బాత్రూము గోడ మీంచి షెడ్డు చివరి స్తంభం దాకా ఒకటే ఇనుప పైపు. రేకుల వరసా ఒకటే. ఒకే కప్పు కింద ఇటు పక్క అద్దెలో ఉంది, అటు పక్క లేదు.

"ఈ నెల అద్దె ఇవ్వకండి, ఆయనే దిగొస్తాడు" అంది మా ఆవిడ. నిజం చెప్పాలంటే నాకూ అదే అనిపించింది. కానీ నేను పనిచేసేది కమీషన్ కొట్టులో. రైతుకి ఇవ్వాల్సిన డబ్బు ఆపితే యార్డులో ఎంత గొడవవుతుందో రోజూ చూసేవాణ్ణి. ముందు ఎవరినైనా అడుగుదామని మా కొట్టు వ్యవహారాలు చూసే ప్లీడరుగారి దగ్గరికి అరండల్‌పేట వెళ్ళాను.

ఆయన అగ్రిమెంటు రెండుసార్లు చదివారు. వంద రూపాయల స్టాంపు కాగితం, పదకొండు నెలల గడువు. అందరూ పదకొండే రాయిస్తారు, మాదీ అంతే. అలా మూడుసార్లు తిరగరాశాం, కానీ ఒక్కసారి కూడా సరిగ్గా చదవలేదు. అందులో ఇంటి వర్ణన ఇలా ఉంది: "తూర్పు ముఖము గల డాబా ఇల్లు, దానికి చేరిన ఖాళీ స్థలము, నీరు, కరెంటు వసతులతో సహా." షెడ్డన్న మాట లేదు. ఆ మాటకొస్తే బాత్రూమన్న మాటా లేదు. కింద ఒక షరతు: "మైనరు రిపేర్లు అద్దెదారు, మేజరు రిపేర్లు యజమాని భరించవలెను."

ప్లీడరుగారు కళ్ళజోడు తీసి నవ్వారు. "మైనరు తీరి మేజరయ్యే వయసు రాయలేదేమయ్యా?"

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతవరకు రాస్తున్నాను. తప్పుంటే నాదే, ఆయనది కాదు.

మొదటిది, షెడ్డు ఇంట్లో భాగమా కాదా. ఆంధ్రప్రదేశ్‌లో అద్దె ఇళ్ళకి చాలాకాలం నడిచింది 1960 నాటి భవనాల చట్టం. తర్వాత 2017లో వేరే చట్టం వచ్చింది. ఆ పాత చట్టంలో భవనమంటే ఏమిటో చెప్పేచోట, ఇంటికి చేరి ఉన్న తోట, ఖాళీ స్థలం, గ్యారేజీ, అవుట్‌హౌసు కూడా భవనంలోకే వస్తాయని ఉందట. కాకపోతే ఒక మెలిక: అవి ఇంటితో పాటు అద్దెకిచ్చినవై ఉండాలి. "అంటే మీ మాస్టారి వాదన మరీ తీసిపారేసేది కాదు. ఇంటితో కలిపి ఇచ్చాడా, ఊరికే వాడుకోమన్నాడా, అదే అసలు ప్రశ్న" అన్నారు.

రెండోది, గాలికి పోయినదాన్ని ఎవరు కట్టాలి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం అద్దెదారు ఇంటిని తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలా ఉంచాలి. వాడకంలో మామూలుగా వచ్చే అరుగుదల, మనిషి ఆపలేని ఉత్పాతం, ఈ రెంటికీ మినహాయింపు.

"అయితే గాలి దెబ్బ నా మీద పడదుగా?" అన్నాను ఆత్రంగా.

"పడదు. కానీ ఆయన కట్టించి తీరాలనీ అందులో లేదు."

ఇక్కడే నా మొహం వాడిపోయింది. యజమాని చేయించాల్సిన రిపేరుని, మనం తెలియజేశాక కూడా సబబైన గడువులో చేయించకపోతే, మనమే చేయించుకుని ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో కోసుకోవచ్చని అదే సెక్షన్లో ఉంది. వినడానికి బాగుంది. కానీ అది "యజమాని చేయించాల్సిన" రిపేరు అయినప్పుడే. రిపేర్లన్నీ యజమానే చేయించాలని ఆ చట్టం ఎక్కడా అనదు. అది కాగితంలో ఉండాలి. మా కాగితంలో ఉన్న ఆధారమల్లా ఆ మేజరు రిపేర్ల ముక్క ఒక్కటే. నాలుగేళ్ళుగా నేను చదవని ముక్క.

2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం సంగతి కూడా చెప్పారు. దాని చివర ఒక పట్టిక ఉంది. గోడలు, కప్పులాంటి కట్టడం రిపేర్లు, సున్నాలు, పైపులు మార్చడం, వైరింగు ఇంటాయనవి. కుళాయిలు, వాచర్లు, డ్రైనేజీ శుభ్రం, స్విచ్చులు, తలుపు గొళ్ళేలు, కిటికీ అద్దాలు, వాడుకునే తోట మనవి. ఇంటాయన చేయించకపోతే మనం చేయించి అద్దెలో కోసుకోవచ్చు గానీ, ఏ నెలా సగం అద్దెకి మించి కోయకూడదు. "ఇది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే చెల్లుతుంది. కోర్టులో వాదించడానికి కాదు, ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవడానికి పనికొస్తుంది, పట్టుకెళ్ళు" అన్నారు.

లేవబోతుంటే ఇంకో మాట అన్నారు. "అద్దె మాత్రం ఆపకు. ఆపావో, రిపేరు గొడవ పోయి బకాయి కేసవుద్ది. అప్పుడు నువ్వే ముద్దాయివి." ఆ వెంటనే, "షెడ్డుకి మీరేమైనా కట్టారా?" అని అడిగారు.

లేదన్నాను. చుట్టుగుంట దాకా వచ్చాక గుర్తొచ్చింది. కట్టాం. ఫ్లెక్సీలు.

గుంటూరు ఎండలు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం షెడ్డులో కూర్చుంటే మొహాన మంటలే. అందుకని ఏడాదిన్నర కిందట ఓ బట్టల కొట్టు పాత ఫ్లెక్సీలు తెచ్చి మూడువైపులా బిగించాను. అక్షరాలు బయటికి, తెల్లవైపు లోపలికి. కింద మేకులు, పైన కప్పు పైపుకి జీఐ తీగతో ముడులు. గాలాడాలని పడమటివైపు ఒక్కటీ వదిలేశాం.

రేకుల మేస్త్రి రెండు రోజుల తర్వాత వచ్చాడు. నిచ్చెనెక్కి పైపు పట్టుకుని చూసి, ఏదో ఊడదీసి నా చేతిలో పడేశాడు. రేకుని పైపుకి పట్టి ఉంచే హుక్కు బోల్టు. కొక్కెంలా వంగిన చోట తుప్పు తిని అగ్గిపుల్లంత సన్నబడింది. రెండు వేళ్ళతో వంచితే జంతికలా విరిగింది. మర కింద ఉండాల్సిన తారు వాచరు ఎప్పుడో ఎండి రాలిపోయింది. అది లేక వాననీళ్ళు కారి బోల్టు తుప్పు పట్టింది, రేకుకి ఉన్న బెజ్జం కూడా గాలికి ఆడీ ఆడీ కోడిగుడ్డంత అయింది. అలాంటివి ఇంకో పదకొండు చూపించాడు.

నాకు లోపల సంబరం. తుప్పు రాత్రికి రాత్రి రాదు. ఇది పాత లోపం, కట్టించినవాళ్ళ లెక్క. ఫోన్ తీసి, "ఇదే మాట వీడియోలో చెప్పు మేస్త్రీ, మా మాస్టారికి పంపాలి" అన్నాను.

అతను ఫ్లెక్సీ వైపు చూశాడు. "రేకు గాలికి పైనుంచి పోదు సార్, కిందనుంచి పోద్ది. మూడువైపులా మూసి పడమటి గాలికి నోరు తెరిచారు. సంచిలోకి ఊదినట్టు ఊది లేపింది. అదీ చెప్పాలా?"

"మరి హుక్కులు బాగుంటే?"

"హుక్కులు బాగుంటే మీ ఫ్లెక్సీ చిరిగిపోయేది. కప్పు ఉండేది."

ఫోన్ చేతిలో పట్టుకుని నేను చాలాసేపే నిలబడ్డాననుకుంటా. ఫ్లెక్సీ ముక్క లేకుండా హుక్కుల ముక్క ఒక్కటే తీస్తే నాకు చాలు. ఫ్లెక్సీలు విప్పేస్తే హైదరాబాదులో ఉన్నాయనకేం తెలుస్తుంది? మంచినీళ్ళ చెంబుతో వచ్చిన మా ఆవిడ, "రెండూ చెప్పించండి. రేపు అవే కట్టుకుని మళ్ళీ అక్కడే కూర్చోవాలిగా నేను" అంది. రెండూ చెప్పించాను. వీడియో పంపి, కింద తెలుగులో రాశాను: ఫలానా తేదీన గాలికి ఇన్ని రేకులు పోయాయి, హుక్కులు తుప్పుపట్టి ఉన్నాయి, మేం కట్టిన ఫ్లెక్సీ కూడా కారణమని మేస్త్రి అంటున్నాడు, రెండు వారాల్లో ఏ సంగతీ చెప్పగలరు. అదే కాగితం మీద రాసి ప్లీడరుగారు చెప్పినట్టు స్పీడ్ పోస్టులో కూడా వేశాను. ఆ కవరు పోస్టాఫీసులో ఇస్తున్నప్పుడు మాత్రం కాస్త ఇబ్బందిగానే అనిపించింది. పండక్కి ఫోన్ చేసి పిల్లల చదువులు అడిగే మనిషికి నోటీసు పంపడమేంటని.

మూడు రోజులు ఉలుకూ పలుకూ లేదు. వాట్సాప్‌లో నీలం గీతలు మాత్రం వచ్చాయి. నాలుగోరోజు ఫోన్.

"ఫ్లెక్సీ సంగతి నాకు తెలియదనుకుని చెప్పావా, తెలుసనుకుని చెప్పావా?"

"తెలియదనుకునే చెప్పాను మాస్టారూ."

"సంక్రాంతికి వచ్చినప్పుడు చూశాను. వద్దనలేదుగా. సరే, వస్తున్నా."

రెండు రోజుల తర్వాత రాత్రి పల్నాడు ఎక్స్‌ప్రెస్‌లో దిగారు. చుట్టాలింట్లో పడుకుని, పొద్దున్నే మా ఇంటికొచ్చారు. కప్పులేని షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. కాఫీ తాగినంతసేపూ రేకుల మాటే ఎత్తలేదు. చెప్పుతో గచ్చు మీద ఒకచోట రాసి, "ఇదేంటో తెలుసా?" అన్నారు. గోడవారగా సిమెంటులో పొడుగ్గా గుంట. మేం నీళ్ళు పోయేందుకు కట్టారనుకునేవాళ్ళం.

"గాడి. మా అమ్మ గేదెకి కుడితి పెట్టేది ఇక్కడే. ఈ షెడ్డు ఆ గేదె కోసం వేసింది. ఇల్లు బ్యాంకు లోనుతో కట్టాను. షెడ్డు మాత్రం మా అమ్మ పాల డబ్బుతో వేయించింది. అందుకే, దీన్ని నేనెవరికో అద్దెకిచ్చానని ఎప్పుడూ అనుకోలేదు."

నాకేం అనాలో తోచలేదు. కాగితాలు, సెక్షన్లు, పట్టిక, అన్నీ జేబులో ఉన్నాయి. ఒక్కటీ తీయలేదు. మా ఆవిడ మాత్రం మెల్లిగా అడిగింది.

"మాస్టారూ, మేం దిగినప్పుడు ఈ వరసలో అన్నీ ఏడున్నర వేలే. మీరు ఎనిమిదిన్నర అన్నారు. వెయ్యి ఎందుకెక్కువ అంటే ఏమన్నారో గుర్తుందా?"

ఆయన కాసేపు వేపచెట్టు వైపు చూశారు. తర్వాత నవ్వేశారు. "దొడ్డీ షెడ్డూ ఉన్నాయిగా అన్నాను."

ప్లీడరుగారి అసలు ప్రశ్నకి జవాబు అదే. ఇక లెక్క అరగంటలో తేలిపోయింది. రేకులు, హుక్కులు, తారు వాచర్లు, ట్రాలీ ఆటో మాస్టారివి. మేస్త్రి కూలి, హెల్పరు కూలి మావి, ఫ్లెక్సీ పాపానికి. స్కూటరు, జిగ్‌జాగ్ మిషను మావే. మిషనులో కూడా వాటా అడగమని మా బావమరిది అన్నాడు గానీ, ఇంట్లో పెట్టుకున్న మన సామాను ఇంటాయన లెక్కలోకి ఎలా వస్తుంది? నేనడగలేదు.

ఏ రేకు వేయాలన్న దగ్గర మళ్ళీ చర్చ. సిమెంటు రేకులో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి చెరుపు, ఇనుప కలర్ రేకు వేద్దామని మాస్టారన్నారు. ఆయన చెప్పింది నిజమే. కానీ ఇనుప రేకు కింద మే నెలలో మనిషి కూర్చోగలడా? మేస్త్రి కూడా, కలర్ రేకు తేలిక, పైపులు ఇంకా దగ్గరగా వేసి స్క్రూలు ఎక్కువ కొట్టాలి, ఖర్చు రెట్టింపవుద్దన్నాడు. చివరికి పాత రకానికే ఒప్పుకున్నాం. కోతపెట్టేటప్పుడు మాత్రం మా ఆవిడ మగ్గుతో నీళ్ళు పోస్తూ నిలబడింది, దుమ్ము లేవకుండా. మేస్త్రికి నవ్వులాట. "ఇరవయ్యేళ్ళనుంచి పొడిగానే కోస్తున్నా అమ్మా" అన్నాడు. ముక్కుకి కండువా కట్టుకోమంటే కట్టుకోలేదు.

పని ఒక రోజే. ఐదు రేకులు కొత్తవి, హుక్కులు మాత్రం పదింటికీ మార్పించాం. సామాను, ఆటో కలిపి ఏడువేల ఎనిమిదివందల యాభై. కూలి రెండువేల నాలుగు వందలు. సామాను డబ్బు నేనే కట్టి, రెండు నెలల అద్దెలో సగం సగం కోసుకునేట్టు మాస్టారు చీటీ రాసిచ్చారు. నెలకి మూడువేల తొమ్మిదివందల పాతిక. సగం అద్దెకి లోపలే ఉంది. ఆ పట్టిక ఆయన చూడలేదు, నేను చూపించలేదు.

ఫ్లెక్సీల స్థానంలో గాలి దూరే పచ్చ నెట్టు కట్టాం. ఎండ మునుపటికన్నా కాస్త ఎక్కువే తగులుతోందని మా ఆవిడ సణుగుతుంది.

ఆ దీపావళికి అగ్రిమెంటు తిరగరాసేటప్పుడు మాస్టారు స్టాంపు కాగితం వెనక ఓ తెల్లకాగితం జత చేశారు. బ్లాకుబోర్డు మీద రాసినట్టు గుండ్రటి అక్షరాలు. షెడ్డు, బయటి బాత్రూము, మోటారు గూడు ఇంటితో కలిపి అద్దెకిచ్చినవే అని మొదటి వాక్యం. కప్పు, పైపులు, స్తంభాలు యజమానివి. ఏటా రోహిణికి ముందు హుక్కులు చూపించి ఫొటో పంపడం అద్దెదారు పని, మార్పించడం యజమాని ఖర్చు. కుళాయిలు, బల్బులు, బాత్రూము తలుపు గొళ్ళెం మావి. మోటారు కాలిపోతే ఆయనది, మేం నీళ్ళు లేకుండా తిప్పి కాలిస్తే మాది. అది ఎలా రుజువవుతుందో నాకు తెలియదు గానీ సంతకం పెట్టాను. షెడ్డుకి కొత్తగా ఏది కట్టినా ముందు ఫోన్ చేసి చెప్పాలి. మూడువేలు దాటినదల్లా మేజరు. ఆ అంకె ప్లీడరుగారికి చెబితే, "అమ్మయ్య, మేజరయింది" అన్నారు.

అన్నీ రాశాక ప్రహరీగోడ దగ్గర ఆగిపోయాం. ఆ గాలికే వేపకొమ్మ పడి గోడ పైవరస ఇటుకలు కదిలాయి. కింద చూస్తే వేపవేరు గోడని లోపల్నుంచి నెట్టుకొస్తోంది. చెట్టు మాస్టారి అమ్మగారు నాటింది. గోడ మాస్టారిదీ, పక్కింటివాళ్ళదీ ఉమ్మడి. నీడ మాత్రం మొత్తం మా షెడ్డు మీదే పడుతుంది. కొట్టేద్దామా అని మాస్టారు, వద్దే వద్దని మా ఆవిడ. ఆ వరసలో ఎవరి పేరూ రాయలేదు, ఖాళీ ఉంచాం. పగులు దగ్గర ఇటుక మీద మాస్టారు సుద్దముక్కతో ఆనాటి తేదీ వేసి, "ఇంకా పెరిగితే ఫోన్ చెయ్యి" అన్నారు. నిన్న చూస్తే పగులు ఆ అంకెలు దాటి ఒక బెత్తెడు పోయింది. ఇవాళ ఆదివారం, సాయంత్రం ఫోన్ చేయాలి.